మందు డబ్బాలకి సింహాయం

ఆ షెడ్డుకి మూడేళ్ళలో నాలుగు ప్లాన్లు తయారయ్యాయి. ఇటుక మాత్రం ఒక్కటీ పడలేదు.

కోటేశ్వరి అడిగింది చాలా చిన్నది. పెరట్లో ఓ మూల పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. పైన సిమెంటు రేకులు, ముందు తాళం పడే ఇనప తలుపు. పత్తికీ మిరప తోటకీ కొట్టే పురుగుమందు డబ్బాలు, స్ప్రేయరు, మందు కలిపే బకెట్టు అందులో పడేసి తాళం వేసుకోవాలి. ఇంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

ఇల్లంతా కలిపితే ముందు వసారా, ఓ గది, దాని వెనక లోపలి గది. ముందు గదిలో మామగారు చెంచయ్య, వసారాలో భర్త మాలకొండయ్య పడుకుంటారు. లోపలి గదిలో ఆగ్నేయం మూల గ్యాసు పొయ్యి, దాని పక్కన బియ్యం డ్రమ్ము, అటు గోడకి మంచం. ఆ మంచం మీద కోటేశ్వరి, పదేళ్ళ కూతురు శ్రీరమ్య పడుకుంటారు. మంచం కింద మందు డబ్బాలు పడుకుంటాయి. కొన్ని నిండువి, కొన్ని సగం వాడినవి, కొన్ని మూత సరిగ్గా పడక పాత గుడ్డముక్క కుక్కినవి. వర్షాకాలం తలుపులు మూసుకుంటే అన్నం ఉడికే వాసనా, మందు వాసనా కలిసిపోయి ఏది ఏదో తెలిసేది కాదు. ఎప్పుడైనా చుట్టాలొచ్చి ముక్కు చిట్లిస్తే తప్ప ఇంట్లోవాళ్ళకి ఆ సంగతి గుర్తుకే రాదు. కోటేశ్వరికి ఒక్కదానికే రోజూ గుర్తుకొచ్చేది.

మొదటి ఏడు ఆమె షెడ్డు మాట ఎత్తగానే మాలకొండయ్య కాదనలేదు. ఆయన దేన్నీ కాదనడు. వచ్చిన చిక్కంతా అదే.

"వేద్దాం. ఎంతవుద్ది?" అన్నాడు.

"ఏడు వేలకి అయిపోద్దంటండీ. కనుక్కున్నాను."

"ఏడు వేలు పెట్టి అగ్గిపెట్టంత కట్టుకుంటే ఏం లాభం? ఎటూ కడుతున్నాం, ఇంకో నాలుగడుగులు లాగితే నా బండి కూడా పడుద్ది."

మర్నాటికి బండితో పాటు యాభై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కూడా పట్టాలన్నాడు. నెల తిరిగేసరికి షెడ్డు ఇరవై బై పన్నెండయింది, లెక్క పందొమ్మిది వేలయింది. పందొమ్మిది వేలంటే మాటలా, పంట అమ్మాక చూద్దామన్నాడు. పంట అమ్మాక ఎరువుల కొట్టువాడి లెక్క, తోట కౌలు, కూతురి ఫీజు పోను ఆయన చూసింది కోటేశ్వరి మొహం ఒక్కటే.

రెండో ఏడు మరిది త్రినాథ్ వచ్చాడు. ఒంగోల్లో ఓ బిల్డరు దగ్గర సూపర్‌వైజరు. జేబులో ఎప్పుడూ టేపు ఉంటుంది. పెరడంతా కొలిచి, శ్రీరమ్య లెక్కల పుస్తకంలోంచి కాయితం చింపి, స్కేలు పెట్టి గీశాడు.

"వదినా, రేకులేంటి వదినా, ఎండాకాలం కుంపటి. నాలుగు పిల్లర్లు లేపి శ్లాబు వేయించండి. ఎటూ కడుతున్నారు గనక పక్కనే బాత్రూమ్, బయట్నించి మెట్లు. రేపు పైన ఇంకో రూము వేసుకోవచ్చు."

"మందు డబ్బాలకి మేడగది ఎందుకయ్యా త్రినాథ్?"

"ఇవాళ మందు డబ్బాలు. రేపు?"

"రేపు కూడా మందు డబ్బాలే. మీ అన్నయ్య పత్తి మానేస్తే కదా."

అన్నదమ్ములిద్దరూ ఆ కాయితం మీద రెండు గంటలు వంగి కూర్చున్నారు. యాభై ఎనిమిది వేలు తేలింది. మాలకొండయ్య దాన్ని మడిచి పాసు పుస్తకంలో దాచాడు. దాచిన రోజే కోటేశ్వరికి తెలుసు, అది ఇంక బయటికి రాదని.

మూడో ఏడు మామగారి వంతు. చెంచయ్యకి వాస్తు పిచ్చి. పెరట్లో ఈశాన్యం మూలనున్న స్నానాల గది పడగొట్టనిదే ఆ ఇంట్లో కొత్త ఇటుక పేర్చకూడదని తేల్చాడు. అది పడగొట్టాలంటే ముందు ఇంకో స్నానాల గది కట్టాలి. దానికీ ఓ లెక్క రాశారు. ఎవరూ దేన్నీ కాదనలేదు. అందరూ సరేనన్నారు. మంచం కింద మాత్రం డబ్బాలు పన్నెండు నుంచి పద్నాలుగయ్యాయి.

ఆ ఏడు మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజుల్లో, ఓ ఆదివారం మధ్యాహ్నం, కోటేశ్వరి గేదెకి కుడితి పెట్టి లోపలికి వచ్చేసరికి శ్రీరమ్య బిందెలోంచి నీళ్ళు ముంచుకుని తాగుతోంది. చేతిలో తెల్ల ప్లాస్టిక్ కప్పు. పక్కన గీతలు, అంకెలు.

"ఏంటే అది?"

"కప్పు."

"ఎక్కడిదే?"

"మంచం కింద డబ్బా మీద బోర్లించి ఉంది. గ్లాసులన్నీ అంట్లలో ఉన్నయ్ గదా. కడిగాలేమ్మా, సబ్బు పెట్టి కడిగా."

కోటేశ్వరి దాని చేతిలోంచి కప్పు లాక్కుంది. అది మందు కొలిచే కప్పు. ఎకరానికి ఎంత పోయాలో కొలిచే కప్పు. పిల్ల నోరు తెరిపించి వాసన చూసింది. ఏమీ తెలియలేదు, ఎందుకంటే ఆ గదిలో అన్నిటికీ అదే వాసన. పిల్లని రెక్క పట్టుకుని నడివీధిలో ఆర్.ఎం.పి. డాక్టరు ఇంటిదాకా పరుగెత్తించింది. ఆయన కళ్ళలోకి లైటు వేసి చూశాడు, నాడి చూశాడు, గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఏమీ కాలేదమ్మా, తీసుకెళ్ళండి అన్నాడు. గంటసేపూ శ్రీరమ్య కాళ్ళూపుతూ కూర్చుంది. కోటేశ్వరి మాత్రం నిమిషానికోసారి దాని నోరు వాసన చూస్తూనే ఉంది.

సాయంత్రం మాలకొండయ్య కల్లం నుంచి వచ్చాక చెప్పింది. ఆయన కాళ్ళు కడుక్కుంటూ అంతా విన్నాడు.

"కడిగిందంట గదా," అన్నాడు.

కోటేశ్వరి ఆయన వంక చూసింది. ఇంకేమన్నా అంటాడేమోనని ఆగింది. ఆయన తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు.

"రేపు మొదటి లోడు గుంటూరు వేస్తున్నా. మిర్చి యార్డులో రెండ్రోజులో, నాలుగు రోజులో. రేటుని బట్టి," అన్నాడు.

అప్పుడు నిశ్చయించుకుంది. ఇంక ఎవర్నీ అడగదు. అడిగితే అందరూ సరేనంటారు.

సోమవారం పొద్దున టిక్కీలతో లారీ కదలగానే మేస్త్రీ మీరావలికి కబురు పెట్టింది. అతను సైకిలు గోడకానించి, పెరట్లో నిలబడి, వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ చెప్పుకుపోయాడు. కోటేశ్వరి గేదె పాల లెక్క రాసుకునే పుస్తకంలో వెనక పేజీ తిప్పి రాసుకుంది.

"ఇటుక పదిహేను వందలు, వెయ్యీ ఆరువందల యాభై. సిమెంటు పన్నెండు కట్టలు, వెయ్యీ ఆరువందల ఎనభై. ఇసుక రెండు ట్రాక్టర్లు, ఆరొందలు. రేకులు ఆరు, వెయ్యీ అయిదొందల అరవై. రేకుల కిందికి సర్వీ బాదులు నాలుగొందలు. తలుపు పదకొండొందలు. నా కూలి, ఇద్దరాడోళ్ళ కూలి, అయిదు రోజులకి పన్నెండొందలు."

కోటేశ్వరి రెండుసార్లు కూడింది. "ఎనిమిది వేల నూట తొంభై."

"ఎటూ కడుతున్నారు గదమ్మా, ఇంకో నాలుగడుగులు..."

"మీరావలీ."

"ఆఁ అమ్మా."

"ఆ మాట ఇంకోసారన్నావంటే వేరే మేస్త్రీని పిలుస్తా."

పోస్టాఫీసు పుస్తకంలో కోటేశ్వరికి తొమ్మిది వేలున్నాయి. మూడేళ్ళ పాల డబ్బు. ఎనిమిది వందలు ఇంకా మిగులుతాయని ఆమె అనుకుంటుండగానే చెంచయ్య చేతికర్రతో పెరట్లోకి వచ్చాడు.

"ఎంత కొలతమ్మాయ్?"

"పది బై ఎనిమిది మామయ్యా."

చెంచయ్య కర్రతో మట్టిలో గీతలు గీశాడు. "పదెనిమిదులు ఎనభై. తొమ్మిదితో గుణించు, ఏడొందల ఇరవై. ఎనిమిదితో భాగించు. శేషం సున్నా. కాకాయం. పనికిరాదు."

"మామయ్యా, అందులో మనుషులుండరు. మందు డబ్బాలుంటాయి."

"ఏముంటే ఏంటి. గోడ లేచాక ఆయం చూడాల్సిందే. ఇల్లు ఇంకా నా పేరునే ఉంది."

"మరి స్నానాల గది పడగొట్టాలన్నారుగా?"

"దాని సంగతి తర్వాత. ముందు ఈ కాకిని వదిలించు." ఆయన చెరిపి మళ్ళీ గీశాడు. "పదకొండు బై తొమ్మిది. తొంభై తొమ్మిది. తొమ్మిదితో గుణిస్తే ఎనిమిదొందల తొంభై ఒకటి. ఎనిమిదితో కొడితే శేషం మూడు. సింహాయం. ఇదీ లెక్కంటే. నైరుతి మూలన వేయించు. అక్కడ బరువుంటే యజమానికి మంచిది."

మీరావలి గడ్డం గోక్కున్నాడు. "గోడ పెరుగుద్దమ్మా. రెండొందల ఇటుక, ఓ కట్ట సిమెంటు, రెండు రేకులు ఎక్కువ పడతయ్. ఇంకో ఎనిమిదొందల ఎనభై."

కోటేశ్వరి కూడింది. తొమ్మిది వేల డెబ్బై. పురుగుమందుకి సింహాయం కోసం తన దగ్గరున్న ప్రతి పైసా పోతోంది, పైన డెబ్బై తక్కువ. మామగారి మొహం చూసింది. ఆయన మట్టిలో అంకెల్ని తృప్తిగా చూసుకుంటున్నాడు. వాదిస్తే ఈ నాలుగు రోజులూ వాదనకే సరిపోతాయి.

"డెబ్బై తగ్గించుకో మీరావలీ," అంది.

"సరే అమ్మా. సింహం కోసం," అన్నాడతను.

అయిదు రోజుల్లో షెడ్డు లేచింది. సిమెంటు తడి ఆరక ముందే కోటేశ్వరి, శ్రీరమ్య పూటపూటకీ గోడలకి బిందెలతో నీళ్ళు కొట్టారు. ఆ వారం పాల డబ్బుతో తలుపుకి తాళం కప్ప కూడా కొనుక్కొచ్చి పెట్టింది. లోపల ఇంట్లో ఉన్న పాత చెక్కలతో రెండు బల్లలు వేయించింది, పైది నిండు డబ్బాలకి, కిందిది సగం వాడిన వాటికి. గోడలు ఇంకో వారం తడపాలి గానీ డబ్బాలు పెట్టడానికి అభ్యంతరం లేదన్నాడు మీరావలి. మందు జోలికి ఆడవాళ్ళు పోకూడదని మాలకొండయ్య కట్టడి ఉంది కాబట్టి, ఆయనొచ్చి తన చేత్తో సర్దుకుంటే బావుంటుందని ఆగింది. అదే ఆమె చేసిన తప్పు.

ఆదివారం మధ్యాహ్నం మాలకొండయ్య బస్సు దిగి వచ్చాడు. సంచీ వసారాలో పడేసి పెరట్లోకి నడిచి, షెడ్డు చుట్టూ తిరిగాడు. గోడ మీద చెయ్యేసి తట్టాడు. లోపలికి వెళ్ళి పైకి చూశాడు. కోటేశ్వరి గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది.

"గట్టిగానే కట్టాడే వలీ," అన్నాడు. "ఎంతయింది?"

"తొమ్మిది వేలు. నా పాల డబ్బులు."

"బాగుంది. బాగుంది." ఇంకోసారి తిరిగి చూశాడు. "ముప్ఫై టిక్కీలు పడతయ్."

"ఏంటి పడేది?"

"యార్డులో రేటు పడిపోయింది. ఇంకా ముప్ఫై టిక్కీలు కల్లంలోనే ఉన్నయ్. కోల్డు స్టోరేజీలో పెడితే టిక్కీకి అరవై చొప్పున పద్దెనిమిదొందలు అద్దె. ఇక్కడైతే ఊరికే. ఎల్లుండి ట్రాక్టరు పెట్టి తోలిస్తా."

"మందు డబ్బాలు పెడదామని కట్టాను."

"కొత్త షెడ్డులో మందు పెట్టి పాడుచేసుకుంటామా? పైగా పెరటి గోడ నడుమెత్తు. ఎవడన్నా దూకితే మూడు వేల సరుకు పోద్ది. మంచం కింద ఉంటే మన కళ్ళ ముందుంటయ్."

"నా కళ్ళ ముందు కాదండీ. నా వీపు కింద ఉంటయ్."

"మూడేళ్ళ నుంచీ ఉంటున్నయ్ గదా, ఏమైంది?"

"మొన్న ఆదివారం ఏమైందో చెప్పాను గదండీ."

"కడిగిందన్నావుగా."

ఆయన అన్నం తిని, సాయంత్రం కల్లానికి వెళ్ళాడు, టిక్కీల సంగతి చూసుకోవడానికి.

సోమవారం తెల్లారి ఆయన మళ్ళీ కల్లానికి పోగానే కోటేశ్వరి కొంగు బిగించింది. ముందు పరుపు చుట్టి శ్రీరమ్య నెత్తిన పెట్టింది. తర్వాత బియ్యం డ్రమ్ము. నిండుది కదలకపోతే సగం బియ్యం బస్తాలోకి తీసి, తల్లీకూతుళ్ళు చెరో చెవీ పట్టుకుని పెరట్లోకి ఈడ్చారు. గిన్నెలు, చెంచాలు, పోపు డబ్బా, నీళ్ళ బిందెలు. సింహాయం గదిలో అన్నీ భేషుగ్గా పట్టాయి. మంచం పట్టదేమోననుకుంది, అదీ పట్టింది.

"అమ్మా, మనం ఇక్కడుంటామా?" శ్రీరమ్య సంబరపడిపోయింది.

"ఆఁ. లోపల మందు కాపురముంది. మనకి చోటు లేదు."

పిల్ల నవ్వింది. కోటేశ్వరి నవ్వలేదు. ఆమె ఇది ఎవరికీ బుద్ధి చెప్పడానికి చెయ్యడం లేదు. నిజంగానే విసిగిపోయింది. అది ఉన్న చోట తాముండకూడదు. ఇది కూడా అర్థం కాని మనుషులతో ఇంకేం మాట్లాడుతుంది.

చివరగా గ్యాసు సిలిండరు దొర్లించుకొచ్చి, పొయ్యిని కింది బల్ల మీద పెట్టి, కొత్త తలుపు బార్లా తీసి, పప్పు ఎక్కించింది. తాలింపు వాసన పెరడు దాటి ముందు గదిలోకి పోయింది. చెంచయ్యకి వాసన వచ్చిన దిక్కు నచ్చలేదు. కర్ర టకటకలాడిస్తూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి పొయ్యి వంక, కోటేశ్వరి వంక మార్చి మార్చి చూశాడు.

"అమ్మాయ్. ఏం చేస్తున్నావ్?"

"వంట మామయ్యా."

"నైరుతిలో పొయ్యి వెలిగించావా?"

"లోపల చోటు లేదు మామయ్యా. మందు డబ్బాలున్నయ్ గదా. పిల్ల వాటి కప్పుతో నీళ్ళు తాగుతోంది. అందుకని మేమే ఇటొచ్చేశాం."

"డబ్బాలుంటే ఉన్నయ్. నైరుతిలో అగ్గి పెడితే ఏమవుద్దో తెలుసా? ఇంటి యజమానికి గండం. యజమానంటే ఎవరు?"

"మీరే మామయ్యా. ఇల్లు మీ పేరునే ఉందన్నారుగా."

అది ఆమె వెటకారంగా అనలేదు. ఆయన అడిగాడు, చెప్పింది. కానీ చెంచయ్య మొహం పాలిపోవడం చూసి ఆమె గరిటె ఆగిపోయింది. పద్నాలుగు విషం డబ్బాలు మూడేళ్ళుగా మనవరాలి మంచం కింద ఉంటే ఈ మనిషికి ఒక్క పూట కూడా నిద్ర చెడలేదు. బియ్యం పక్కన విషం కారుతుంటే అడుగు తీసి అడుగు వెయ్యలేదు. ఒక్క పప్పు గిన్నె కింది మంట చూసి వణికిపోతున్నాడు.

"ఆర్పు ముందు. ఆర్పమ్మాయ్," అన్నాడు.

"ఆర్పితే అన్నం ఎక్కడ వండను?"

"ఆగ్నేయంలో. ఎప్పుడూ వండేచోటే."

"మంచం కింద డబ్బాలు బయటికి పోతే వండుతా. లేకపోతే రోజూ మూడు పూటలా ఇక్కడే. పొద్దున కాఫీతో సహా."

చెంచయ్య వెనక్కి తిరిగాడు. గోడ దగ్గర నిలబడి, కల్లం వైపు పోతున్న మనిషెవర్నో కేకేశాడు. "ఒరేయ్, మా మాలకొండయ్యని ఉన్నపళంగా రమ్మన్నానని చెప్పరా. ఇంట్లో కొంప మునుగుతోందని చెప్పు."

మాలకొండయ్య పావుగంటలో పరుగెత్తుకొచ్చాడు, ఎవరికో ఏదో అయిందనుకుని. తండ్రి కర్ర షెడ్డు వైపు చూపించి మొత్తం చెప్పాడు. మధ్యలో గండం అన్న మాట అయిదుసార్లు వచ్చింది.

"నాన్నా, మరి టిక్కీలు ఎక్కడ పెట్టను? పద్దెనిమిదొందలు..."

"నా మంచం పక్కన పేర్చు. ముందు గదిలో. నేను వసారాలో పడుకుంటా. నువ్వు అరుగు మీద పడుకో. ముందు ఆ డబ్బాలు తియ్యరా. నా ప్రాణం మీదికి తేకు."

మాలకొండయ్య పెళ్ళాం వంక చూశాడు. కోటేశ్వరి పొయ్యి ఆర్పి, గిన్నె మీద మూత పెట్టి, పక్కకి తప్పుకుంది.

డబ్బాలు తియ్యడానికి అరగంట పట్టింది. గంపలో నాలుగేసి చొప్పున మోశాడు. మంచం ఉన్న చోట నేల మీద ఒక డబ్బా కారి చారికై ఉంది, నూనెలాగా, చేతివెడల్పున. దాన్ని చూసి ఓ క్షణం ఆగాడు. గంప ఎత్తుకుని వెళ్ళిపోయాడు. సగం వాడినవి కింది బల్ల మీద, నిండువి పై బల్ల మీద పెట్టాడు. స్ప్రేయరు మూలన నిలబెట్టాడు. కొలత కప్పు కోసం వెతికితే, దాన్ని వారం కిందటే పెరట్లో కాల్చేశానని కోటేశ్వరి చెప్పింది.

అప్పటికి మళ్ళీ మంచం, బియ్యం, పొయ్యి లోపలికి చేరాయి. కోటేశ్వరి మంచం పక్కకి జరిపి, బకెట్టులో సబ్బు నీళ్ళు పోసి ఆ చారికని కొబ్బరి పీచుతో రుద్దింది. మూడుసార్లు రుద్దింది. మరక పోయింది, వాసన పోలేదు. కిటికీ, తలుపూ బార్లా తీసి శ్రీరమ్యని వసారాలో కూర్చోమంది.

మాలకొండయ్య షెడ్డుకి తాళం వేసి తాళంచెవి తెచ్చి ఇచ్చాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. వసారా మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎంతసేపు పట్టింది? అరగంట," అన్నాడు. "అరగంట పనికి ఇంత రాద్ధాంతమేంటే. ముందే చెప్పుంటే ఎప్పుడో తీసి పడేసేవాణ్ణి గదా."

కోటేశ్వరి చేతిలో అన్నం పళ్ళెంతో గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన మొహంలో అబద్ధం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. మూడేళ్ళు, నాలుగు ప్లాన్లు, తొమ్మిది వేలు, ఆర్.ఎం.పి. ఇంటి బెంచీ మీద ఒక గంట. ఏ ఒక్కటీ చెప్పినట్టు కాదు ఈయన లెక్కలో. ఇప్పుడు మొదట్నుంచీ మొదలుపెట్టి చెప్పాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు.

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని పళ్ళెం కోసం చెయ్యి చాపాడు.

ఆమె పళ్ళెం వెనక్కి తీసుకుంది.

"సబ్బు పెట్టి కడుక్కుని రండి."

ఆయన విసుక్కుంటూ లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి, రెండు చెంబులు గుమ్మరించుకుని వచ్చాడు. కోటేశ్వరి ఆ చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇంకోసారి," అంది.